మొక్కపోయిన కన్ను

ఓడ విశాఖ రేవు వదిలి, గట్టు కంటికి ఆనకుండా పోయిన మధ్యాహ్నం, పై అంతస్తులోని వేలం హాల్లో ఒక బొమ్మ ముందు నిలబడి కొమ్మోజు సాంబమూర్తి మాస్టారు పకపకా నవ్వారు. ఆ నవ్వు హాలు చివర నిలబడ్డ కూతురు నళినికి కూడా వినబడింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన నవ్వే అది. ఎవరి పరువో గంగలో కలవబోతోందని దానర్థం.

"బొమ్మలంటే వచ్చాను, ఇవేటమ్మా?" అన్నారాయన హాలంతా వినబడేలా. "అచ్చులివి. యంత్రం మీద అచ్చేసి, పైన నాలుగు చోట్ల రంగు పులిమి, కింద సంతకం గీకారు. ఈ కెరటం చూడండి. ఆ చివరి బొమ్మలో కెరటమూ ఇదే. ఇది పొద్దుట సముద్రమట, అది సాయంత్రం సముద్రమట. కెరటం మాత్రం పొద్దుటి నుంచీ అలాగే నిలబడి ఉందా అండీ?"

కుర్చీల్లోవాళ్ళు మెడలు సాచి చూశారు. ఒకరిద్దరు లేచి దగ్గరికెళ్ళి ఆ బొమ్మనీ ఈ బొమ్మనీ పోల్చుకున్నారు. వేలం పాడించే మనిషి మైకులో ఎంత గొంతు చించుకున్నా ఆ పూట పాట కదల్లేదు.

సాంబమూర్తి బొబ్బిలి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ చుట్టుపక్కల గుడి గోపురానికి రంగులేసినా, సినిమా హాలు ముందు కటౌటు నిలబెట్టినా, 'మాస్టారు చూశారా?' అని అడిగేవారు. చూస్తే ఒక బాధ, చూడకపోతే ఇంకో బాధ. ఆయన మెచ్చుకోరు. తప్పెక్కడుందో చూపిస్తారు, అంతే. ఆయన వేలు పెట్టి చూపించాక ఆ తప్పు ఇక అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళే కొన్నాళ్ళకి కొత్త బొమ్మ చంకన పెట్టుకుని మళ్ళీ గుమ్మం ఎక్కేవారు. నళిని మాత్రం పదో తరగతితో కుంచె పక్కన పడేసి సైన్సులోకి వెళ్ళిపోయింది. అందులో అయితే నాన్న తప్పు పట్టలేడని ఆశ.

ఆ ఆశా నిలవలేదు.

విశాఖలో ఒక పరిశోధనశాలలో ఆమె మెదడు మీద పనిచేసేది. తలకి దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి ఒక వింత జబ్బు వస్తుంది. కళ్ళు కనిపిస్తాయి, ముఖాలు గుర్తుంటాయి, కానీ 'వీళ్ళు నావాళ్ళు' అన్న భావం మాత్రం పుట్టదు. పైడితల్లి అని అనకాపల్లి ఆవిడ, బస్సు ప్రమాదం తర్వాత మొగుణ్ణి చూసి "మా ఆయన్లాగే ఉన్నాడు గానీ ఈయనెవరో" అనేది. నళిని తయారుచేసిన దీపం కింద ఆవిణ్ణి కూర్చోబెట్టారు. చూడ్డానికి మామూలు పసుపు వెలుగే. కాకపోతే కంటికి తెలియనంత వేగంగా పసుపుకీ పచ్చకీ మధ్య కొట్టుకుంటూ ఉంటుంది. ఆ కొట్టుకోవడం చూపు దారినే లోపలికి వెళ్ళి, మెదడులో ఎక్కడో నిద్రపోయిన ఆత్మీయతని తట్టి లేపుతుంది. కాసేపటికి పైడితల్లి మొగుడి చెయ్యి పట్టుకుని "ఇంతలా చిక్కిపోయావేటి?" అంది. గదిలో డాక్టర్లు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

నళిని ఆ ఆదివారమే బొబ్బిలి వెళ్ళి ఆ సంగతి చెప్పింది. తండ్రి అంతా విని, "ఆ ప్రేమ ఆవిడదా, దీపానిదా?" అన్నారు.

ఆ ఒక్క మాట ఆమెలో ముల్లులా విరిగి ఉండిపోయింది.

డబ్బు లేక పరిశోధన ఇక ఆగిపోతుందనుకుంటున్న రోజుల్లో విహార నౌకలు నడిపే ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద దీపం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే నిండుగా జనం కావాలి. ఓడలో జనానికి కొదవలేదు. కంపెనీకి కావలసింది వేరు. సముద్రం చూసి చూసి విసుగెత్తినవాళ్ళు వేలం హాల్లోకి రావాలి, వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో వెళ్ళకూడదు. దీపానికి 'మధురకాంతి' అని పేరు పెట్టి, హాలు కప్పులో వరసగా బిగించారు. హాల్లో ప్రత్యేకమైన వెలుగు ఉంటుందని టిక్కెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. ప్రతి వేలం తర్వాతా తలుపు దగ్గర నిలబడి ప్రయాణికుల అభిప్రాయాలు వినడం నళిని పని. ఆ వెలుగు సోకకుండా ఆమె గోధుమరంగు కళ్ళద్దాలు పెట్టుకునేది. అమ్మానాన్నలకి కూడా గది ఇస్తామని కంపెనీ అంటే, ఎన్నడూ ఓడెక్కని తల్లి వరహాలమ్మ సరదాపడింది.

మొదటి రోజు దీపాలు తక్కువ స్థాయిలో వెలిగాయి. అభిప్రాయాలూ అలాగే ఉన్నాయి.

"జ్యూసు ఊరికే పోస్తన్నారంటే వచ్చామండి" అన్నాడు గుంటూరు మిర్చి వ్యాపారి.

"మా హాల్లో సోఫా ముదురు నీలం. దానికి నప్పేది ఒక్కటీ లేదు" అంది ఆయన భార్య.

"గుర్రం బొమ్మ బాగానే ఉంది. కానీ గుర్రాన్ని ఇంట్లో ఏ దిక్కున పెట్టాలో వాస్తు చూసే అయ్యగారిని కనుక్కోవాలి కదా" అన్నారు రాజమండ్రి నుంచి వచ్చిన రిటైర్డ్ రైల్వే ఆఫీసరు విశ్వపతిగారు.

చివరికి అందరూ తేల్చింది ఒకటే: "ఆ పెద్దాయన చెప్పాక ఇంకేం కొంటామండీ? రెండిట్లోనూ అదే కెరటం!"

కంపెనీ తరఫున వచ్చిన శశాంక్ అనే కుర్ర ఆఫీసరు ఆమెను పక్కకి పిలిచాడు. కోపం లేదు, నవ్వుతూనే ఉన్నాడు.

"మీ నాన్నగారు ఒక్క నవ్వుతో మమ్మల్ని ముంచేశారు మేడమ్. రేపు స్థాయి పెంచండి."

"నేను పెట్టుకున్న హద్దు ఇదే. దీని పైన ఎవరి మీదా పరీక్షించి చూళ్ళేదు."

"చూడ్డానికే కదా ఓడెక్కారు?"

నళినికీ చూడాలనే ఉంది. ఏ దీపానికీ లొంగని కన్ను ఒకటి ఈ ఓడలోనే ఉందని, అది లొంగితే తన పనిలో ఇక తప్పు పట్టేవాళ్ళుండరని, ఆమెకి అప్పటికే లోపల ఎక్కడో అనిపిస్తోంది.

మర్నాడు భోజనాలయ్యాక వరహాలమ్మ రొప్పుతూ వచ్చింది.

"మీ నాన్న మళ్ళీ బయల్దేరారే! నిన్న బాగా చెప్పారండీ అని ఎవరో అన్నారంట, ఇంకేటి, పట్టపగ్గాల్లేవు. భూతద్దం కూడా పట్టుకున్నారు. వద్దని చెప్పవే, అందర్లో గొడవైపోద్ది."

నళిని కోటు జేబులో ఇంకో జత కళ్ళద్దాలున్నాయి. తీసి, నాన్నకి పెట్టమని తల్లి చేతిలో పెడితే సరిపోయేది. ఆమె చెయ్యి జేబులోకి వెళ్ళింది, అద్దాల అంచు వేళ్ళకి తగిలింది.

"వెళ్ళనీ అమ్మా. ఆయనకీ కాలక్షేపం" అంది. "నువ్వూ వస్తావా?"

"నాకెందుకే ఆ బొమ్మలూ అవీనూ? నేను డెక్కు మీద కూచుని సముద్రం చూస్తాను."

సాంబమూర్తి నలుగురిని వెంటేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. జనం నిన్నటికంటే ఎక్కువ. సగం మంది ఆయన చెప్పేది వినడానికే వచ్చారు. ఆయన కూర్చున్నాక నళిని గోడ దగ్గరికెళ్ళి మీట పైకి జరిపింది.

వెలుగులో తేడా ఎవరికీ తెలియలేదు. మాస్టారు లేచి, భూతద్దం పట్టుకుని, మంచుకొండల నడుమ చెరువున్న బొమ్మ దగ్గరికి వెళ్ళారు. "ఇదిగో, ఈ నీటిలో నీడ చూడండి, కొండ అటుంటే నీడ..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. హాలంతా ఎదురుచూసింది. భూతద్దం మెల్లగా కిందికి దిగింది. ఆయన బొమ్మకి మరీ దగ్గరగా జరిగారు, మళ్ళీ వెనక్కి వచ్చారు. గొంతు సవరించుకున్నారు.

"ఏటో... నిన్న నేను సరిగ్గా చూసినట్టు లేదు" అన్నారు. "ఎంత బాగుందండీ ఇది!"

వెనక్కి తిరిగినప్పుడు ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

ఆ తర్వాత వేలం వరదైపోయింది. ఎన్నడూ మంచు ముఖం చూడని మిర్చి వ్యాపారి భార్య ఆ చెరువు బొమ్మ పట్టుకుని "మా అమ్మగారింటి వెనక కాలవేనండీ ఇది, అచ్చం అదే" అని వెక్కివెక్కి ఏడ్చింది. విశ్వపతిగారు గుర్రాన్ని ఒళ్ళో పెట్టుకుని "ఇది నన్నే చూస్తోందండీ, చూశారా?" అని పక్కవాళ్ళని కుదుపుతున్నారు. దిక్కు సంగతి అడగనేలేదు. తలుపు దగ్గర నిలబడ్డ నళినికి అభిప్రాయాలు అడగాల్సిన పనే లేకపోయింది. వాళ్ళే వచ్చి చేతులు పట్టుకుని చెప్పారు. ఒక ముసలావిడ మొక్కింది కూడా.

గెలిచాను అనుకుంది నళిని. ఎవరి మీద అని ఆలోచించలేదు.

సాయంత్రం డెక్కు మీద తండ్రి ఆమె పక్కన వచ్చి నిలబడ్డారు. "ఆ హాల్లో దీపాలు నువ్వు చేసినవేనటగా? మీ అమ్మ చెప్పింది. ఎంత గొప్ప పని చేశావమ్మా!" అని తల మీద చెయ్యి పెట్టారు. ఆ మాట పలికించింది దీపమేనని ఆమెకు తెలుసు. తెలిసి కూడా గదిలోకి పరిగెత్తి, తలుపేసుకుని సంతోషంతో ఏడ్చింది.

మర్నాడు పొద్దుటికల్లా మత్తు దిగింది. బొమ్మలు పట్టుకుని జనం ఆఫీసు కిటికీ ముందు వరస కట్టారు. "నాకేం పట్టిందండీ నిన్న? చెరువేంటి, కాలవేంటి?" అని మిర్చి వ్యాపారి భార్య సిగ్గుతో మొగుడి వెనక దాక్కుంది. "మందేదో కలిపారు జ్యూసులో" అని ఒకాయన అరిచాడు. నళిని ఆ అభిప్రాయాలూ విన్నది. దీపం ప్రభావం ఒక పూటకి మించి ఉండదని ఆమె ముందే చెప్పింది. అలాగే జరిగింది.

ఇద్దరి విషయంలో మాత్రం జరగలేదు. విశ్వపతిగారు గుర్రంతోనే భోజనానికి వచ్చారు. సాంబమూర్తిగారు కాఫీ తాగిన కాగితం కప్పు తిప్పి తిప్పి చూస్తూ, "ఈ అంచు మడత చూడమ్మా, ఎంత ముద్దుగా ఉందో!" అన్నారు. మంటలొస్తే ఎటు పరిగెత్తాలో చూపించే గోడ మీది బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయారు.

నళినికి అప్పుడు భయం పుట్టింది.

బొబ్బిలి చేరాక మొదట్లో వరహాలమ్మ ఆనందానికి అంతులేదు. కూతురు ఫోను చేసినప్పుడల్లా అదే కబురు. "ఇన్నేళ్ళ కాపురంలో ఆ నోట్లోంచి మంచి మాట వచ్చిందేటే? పులుసులో ఉప్పు మర్చిపోయినా 'అద్భుతంగా ఉందే' అంటన్నారు. నిన్న నన్ను కుర్చీలో కూచోబెట్టి, నీ ముక్కు ఎంత తీర్చినట్టుందే అన్నారు. ఈ వయసులో! సిగ్గేసింది. నువ్వు దాన్ని జబ్బంటావేటి? ఆ సముద్రపు గాలి మంచి చేసిందే ఆయనకి."



ఆ నెలలోనే నళిని బొబ్బిలి వెళ్ళేసరికి అరుగు మీద తవిటయ్య కూర్చుని ఉన్నాడు. అతను సాంబమూర్తికి పాత శిష్యుడు. ఇప్పుడు పేరున్న చిత్రకారుడే అయినా, కొత్త బొమ్మలు ప్రదర్శనకి పెట్టేముందు మాస్టారికి చూపించనిదే కదలడు. ఆ రోజు తెచ్చిన బొమ్మలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి. మాస్టారు ఒక్కోటీ చూస్తూ "బాగుంది", "ఇదీ బాగుంది", "అబ్బ, ఎంత బాగుందిరా!" అంటున్నారు. తవిటయ్య ముఖం మాడిపోయి ఉంది. నళినిని వీధిలోకి పిలిచాడు.

"అమ్మా, మాస్టారికి ఏటైంది?"

"ఏమైందన్నా?"

"ఆ మూడో బొమ్మలో కావాలనే చెయ్యి తప్పుగా ఏసినాను. మణికట్టు ఎటు తిరగాలో అటు తిరగలేదు. చిన్నపిల్లాడు కూడా పట్టీస్తాడు. ఆయన ఆ చేతినే పట్టుకుని మెచ్చుకున్నారమ్మా." అతను అరుగు వైపు తిరిగి చూశాడు. "నా మీద కోపమైతే చెప్పమను. కాళ్ళు పట్టుకుంటాను. ఇలాగ మాత్రం చెయ్యొద్దను."

ఆ సాయంత్రం నళిని తండ్రి చేతికి కాగితం, బొగ్గుముక్క ఇచ్చింది. "నాన్నా, అమ్మ బొమ్మ గియ్యండి" అంది. ఎదురుగా వరహాలమ్మ ముసిముసిగా నవ్వుతూ కూర్చుంది. సాంబమూర్తి చెయ్యి కాగితం మీద వాలింది. చెంప నుంచి గడ్డం దాకా ఒక గీత వచ్చింది. ఆయన చెయ్యెత్తి దాన్ని చూశారు. ముఖం వెలిగిపోయింది.

"బాగుంది" అని కాగితం తిరిగి ఇచ్చేశారు.

"తర్వాత నాన్నా?"

"తర్వాతేటమ్మా? ఎంత బాగుందో చూడు!"

నళిని ఇంకో కాగితం ఇచ్చింది. మళ్ళీ ఒక్క గీత. మళ్ళీ అదే నవ్వు. గీసినది చాలదనిపిస్తేనే కదా చెయ్యి రెండో గీతకి వెళ్ళేది. ఆయనకి చాలదనిపించడం పోయింది. బతుకంతా బొమ్మలు వేసిన మనిషి ఇక ఒక్క బొమ్మా వెయ్యలేడని ఆమెకి ఆ కాగితాలు చూశాక అర్థమైంది. వరహాలమ్మ నవ్వు కూడా మెల్లగా ఆరిపోయింది.

నళిని తండ్రిని విశాఖ తీసుకెళ్ళి పరిశోధనశాలలో పరీక్షలు చేసింది. మామూలు మనిషి దేన్నైనా చూసినప్పుడు మెదడులో ఇష్టం, అయిష్టం త్రాసులో రెండు తట్టల్లా ఊగుతాయి. తండ్రి మెదడులో అయిష్టం తట్ట కదలడం మానేసింది. జబ్బుపడ్డ పైడితల్లికి దీపం మేలు చేసింది. దేని మీదా పెద్దగా చూపు పెట్టని ప్రయాణికుల్ని ఒక పూట ఊపి వదిలేసింది. కానీ సాంబమూర్తి కన్ను అలాంటిది కాదు. దశాబ్దాలుగా నూరుతూ వచ్చిన కత్తి అది. ఎంత పదునుంటే అంత తొందరగా మొద్దుబారి మొక్కపోతుంది. విశ్వపతిగారు కూడా ఉద్యోగం చేసినన్నాళ్ళూ పట్టాల్లో వెంట్రుకవాసి పగుళ్ళు వెతికిన మనిషని తర్వాత తెలిసింది.

"మళ్ళీ పదును పెట్టలేవా?" అని వరహాలమ్మ అడిగింది.

"ఇంతవరకూ దారి దొరకలేదమ్మా." నళిని తల్లి వైపు చూడకుండా చెప్పింది. "ఆ రోజు నా జేబులో ఇంకో జత కళ్ళద్దాలున్నాయి."

వరహాలమ్మ లేచి, మొగుడి చెప్పులు సరిగ్గా తొడిగి, ఆయన చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది.

నళిని శశాంక్ దగ్గరికి వెళ్ళింది. దీపాలు ఆపమంది. అతను మర్యాదగా కుర్చీ వేయించి, ఓడలో ఆ తర్వాత జరిగిన వేలాల అభిప్రాయాలు వినిపించాడు. గొంతు వెంట గొంతు. "జీవితంలో ఇంత ఆనందం ఎరగం." "మా ఆయనా నేనూ మళ్ళీ కొత్తగా మాట్లాడుకుంటున్నాం." "ఎప్పుడండీ మళ్ళీ ఓడ?"

"మర్నాడు బాధపడ్డవాళ్ళ మాటలేవి?" అందామె.

"ఇప్పుడు అభిప్రాయాలు హాల్లోనే తీసుకుంటున్నాం మేడమ్. మర్నాటి దాకా ఆగడం లేదు."

చివరికి ఆమె ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. తన తప్పు కూడా దాచకుండా చెప్పింది. ఒక విచారణ సంఘం వేశారు. రిటైరైన జడ్జి ఒకాయన అధ్యక్షుడు. విశాఖలో ఒక ప్రభుత్వ భవనంలో విచారణ జరిగింది. మిర్చి వ్యాపారి దంపతులు వచ్చి, ఆ పూట తమకి మతి పోయిందనీ, మర్నాటికే తిరిగి వచ్చిందనీ చెప్పారు. విశ్వపతిగారిని కొడుకు తీసుకొచ్చాడు. "నాన్న పొద్దస్తమానం ఆ గుర్రం ముందే కూచుంటున్నారు సార్. మనవరాలు కిందపడి మోకాలు చీరుకుపోతే, ఆ ఎరుపు ఎంత బాగుందో అన్నారు" అని కొడుకు చెప్పాడు. కానీ సంఘం అడిగింది ఆయన్నే. ఆయన హాయిగా ఉన్నానన్నారు.

తర్వాత సాంబమూర్తిని పిలిచారు.

"మాస్టారూ, ఆ వేలం వల్ల మీకేమైనా నష్టం జరిగిందా?"

"నష్టమా! అంత చక్కటి బొమ్మలు నా జన్మలో చూళ్ళేదండి. ఆ మాటకొస్తే మీ గది మాత్రం? ఈ బల్ల చెక్క తీరు చూడండి, ఎంత అందం!" అది ప్లైవుడ్డు బల్ల. ఒక మూల బూజుపట్టి పొరలు లేచి ఉంది. మాస్టారు ఆ మూలనే నిమురుతున్నారు.

సంఘంలో ఒకాయన నవ్వాపుకున్నాడు. నళిని లేచింది. "సార్, ఆయన జబ్బే అది. ఆయన నోటితో ఆయన జబ్బు సంగతి ఎలా తెలుస్తుంది? ఆయన ఇదివరకు ఇలా ఉండేవారు కాదు. ఆ బల్ల చూసి వడ్రంగిని పిలిపించి చివాట్లు పెట్టే మనిషి సార్ ఆయన!"

"అంటే ఇప్పుడు చివాట్లు పెట్టడం మానేశారు. అంతేనా అమ్మా మీ ఫిర్యాదు?" అన్నారు జడ్జిగారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అర్థంకాక అడిగారు. "మీరు జబ్బంటున్నారు. ఆయన సుఖమంటున్నారు. మేం ఎవరి మాట పట్టుకోవాలి?"

సంఘం తీర్పు ఆ తర్వాత కొన్నాళ్ళకి వచ్చింది. బాగుపడ్డవాళ్ళకి నష్టం లేదు, బాగుపడనివాళ్ళకి ఫిర్యాదు లేదు. హాలు బయట దీపాల సంగతి తెలిపే బోర్డు ఒకటి పెట్టాలని కంపెనీని ఆదేశించారు. కంపెనీ పెట్టింది. బోర్డు చూసి జనం ఇంకా ఎక్కువగా వచ్చారు.

నళిని ఉద్యోగం పోయింది. దీపం మీద హక్కులన్నీ కంపెనీవి కాబట్టి పరిశోధనశాలలో పైడితల్లికి వాడే దీపాన్ని కూడా పట్టుకుపోయారు. ఒకరోజు అనకాపల్లి నుంచి పైడితల్లి మొగుడు ఫోను చేశాడు. "మళ్ళీ నన్ను ఎవరో అనుకుంటందమ్మా. గది తలుపు గెడేసుకుంటంది. ఒక్కసారి ఆ దీపం కింద కూచోబెట్టలేరా?" అన్నాడు. ఆ దీపం ఇక పరిశోధనశాలలో లేదని నళిని చెప్పింది.

విశాఖలో చెయ్యడానికేమీ లేక బొబ్బిలి వచ్చేసింది. పాత నమూనా దీపం ఒకటి, మొట్టమొదట చేతుల్తో కట్టుకున్నది, కంపెనీ లెక్కలోకి రానిది, సామాన్లలో కూడా వచ్చింది. ఇక ఎవరి మీదా వెలిగించే ధైర్యం లేక దాన్ని మంచం కింద పెట్టింది. దాంతో తండ్రికి ఏదైనా విరుగుడు దొరుకుతుందేమోనని రోజూ తీసి విప్పి చూసేది. దొరకలేదు.

ఒక మధ్యాహ్నం అరుగు మీద నళిని పక్కన కూర్చుని వరహాలమ్మ తోటకూర ఏరుతోంది. బాగా చిక్కిపోయింది. వారం కిందటే జ్వరం నుంచి లేచింది. సాంబమూర్తి ఇంకో చివర పడక్కుర్చీలో, ఎదురుగోడ మీద పెచ్చులూడిన సున్నాన్ని చూసి మురిసిపోతూ ఉన్నారు.

"ఏమే, ఆ దీపం ఇంకా ఎలుగుతుందా?" అంది వరహాలమ్మ, తలెత్తకుండా.

"వెలుగుతుందమ్మా. ఎందుకు?"

"నన్నూ కూచోబెట్టు దాని కింద."

నళిని ఉలిక్కిపడింది. "అదేం మాటమ్మా?"

"మొన్న జ్వరంతో మూలుగుతున్నానే. నోరు పిడచకట్టుకుపోయి మంచినీళ్ళు అని సైగ చేస్తన్నాను. మీ నాన్న పక్కనే కూచుని, 'ఎంత కళగా ఉన్నావే, ఆ ఎర్రదనం ఎంత బాగుందే' అని చూస్తా ఉన్నారు. నువ్వు మందులకెళ్ళి వచ్చేదాకా అలాగే చూశారు. చుక్క నీళ్ళు పొయ్యలేదు." కాడలు పుటుక్కున విరిచింది. "ముందు నాకు ఎంత సంబరమైందో, ముక్కు బాగుందన్నారని! ఆయనకి నేనూ ఒకటే, ఆ పెచ్చులూడిన గోడా ఒకటే. వెనకటికి కూర బాగోలేదని కంచం తోసేసినా, నా కూరే తింటన్నారు అని తెలిసేది. ఇప్పుడు ఆయన ఒక్కరూ ఎక్కడో సుఖంగా ఉన్నారు. నేనిక్కడ ఒక్కదాన్నీ ఏడుస్తన్నాను. నన్నూ అక్కడికి పంపీ. ఇద్దరం కూచుని గోడ చూసుకుంటాం."

"పంపను" అంది నళిని. "నువ్వు కూడా అన్నీ బాగున్నాయనేస్తే, ఈ ఇంట్లో ఇంక నిజం చెప్పేవాళ్ళు ఎవరమ్మా?"

"నిజం కావాలా నీకు?"

నళిని తలూపింది.

వరహాలమ్మ ఒళ్ళోని కూర చేట పక్కకి పెట్టి, చేతులు దులుపుకుని, ఆ కళ్ళద్దాల మాట విన్న తర్వాత మొదటిసారి కూతురి కళ్ళలోకి సూటిగా చూసింది.

"అయితే విను. నువ్వు చేసిన పని బాగోలేదే. ఏమీ బాగోలేదు."

అటు చివర కుర్చీలోంచి సాంబమూర్తి వాళ్ళిద్దరి వైపూ తిరిగి, ప్రేమగా నవ్వారు. తల్లీ కూతుళ్ళలో ఎవరూ ఆ నవ్వుకేసి చూడలేదు. నళిని అరుగు దిగి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. వరహాలమ్మ ఆమె తల నిమరలేదు, తొయ్యనూ లేదు. కాసేపటికి తోటకూర చేట ఇద్దరి మధ్యకీ జరిపింది. నళిని ముదురు కాడలు వేరుచేసి పక్కన పడేయడం మొదలుపెట్టింది.